శిశు పోషణ గ్రంథాలు: మనం దాటవేసిన తొలి అధ్యాయం

'తర్బియత్' పేరుతో ఉర్దూలోను, తెలుగులోను వెలువడిన చిన్న పుస్తకాలు అనేకం మన పాఠకుల చేతుల్లో ఉన్నాయి. వాటి ప్రయోజనాన్ని కాదనవలసిన పని లేదు. అయితే వాటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది. పుట్టగానే చెవిలో అజాన్, ఏడవ రోజున అఖీఖా, నామకరణం. ఆపైన పుట తిప్పితే పిల్లవాడు ఏడేళ్ళవాడై నమాజుకు నిలబడి ఉంటాడు. నడుమ గడచిన కాలంలో, ముఖ్యంగా మొదటి రెండేళ్ళలో, ఆ ఇంటిలో ఏమి జరిగిందో, తల్లి ఏ స్థితిలో ఉందో, తండ్రి మాటతీరు ఎట్లా ఉందో ఈ పుస్తకాలకు పట్టదు. ఈ లోపం మన ప్రాచీన గ్రంథాలది కాదనీ, వాటిని సంగ్రహించిన తీరులోనే ఉందనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదం దగ్గరే మొదలైన చిక్కు

అరబ్బీలో 'తర్బియహ్' అనే పదానికి మూలమైన ధాతువు పెరుగుదలను సూచిస్తుంది. దివ్య ఖుర్ఆన్ 17వ సూరా 24వ ఆయత్‌లో తల్లిదండ్రుల కొరకు బిడ్డ చేయవలసిన దుఆ ఉంది. తాను పసివాడుగా ఉన్నప్పుడు వారు తనను సాకిన సంగతిని తలచుకొని, వారిపై కరుణ చూపమని అతడు అల్లాహ్‌ను వేడుకుంటాడు. ఈ క్రియ అక్కడ పసితనంతోను, కరుణతోను కలసి వచ్చింది.

తెలుగులో దీనికి తరచుగా 'శిక్షణ' అని రాస్తున్నారు. శిక్షణ మంచి మాటే. కాని దాని పక్కనే 'శిక్ష' నిలబడి ఉంటుంది. పైగా శిక్షణ పొందాలంటే బిడ్డకు మాట అర్థమయ్యే వయస్సు రావాలి. కనుక ఆ పదం వాడిన క్షణంలోనే పాలు తాగే బిడ్డ పుస్తకం నుండి తొలగిపోతాడు. 'శిక్షణ' అన్న మాటను 'తాదీబ్' అనే వేరొక అరబ్బీ పదానికి ఉంచుకొని, 'తర్బియహ్'కు 'పెంపకం', 'సాకడం' అనే ఇంటి మాటలనే వాడుకోవచ్చు. ఆ మాటల్లో బిడ్డ మొదటి దినం నుండే ఉన్నాడు. సాకేవారు ఎవరు, వారు ఎట్లా ఉన్నారు అని అడగడానికీ అవి చోటిస్తాయి.

విచ్ఛిన్నమైన ఇంటిలో చంటిబిడ్డ

పాలిచ్చే పూర్తి గడువు రెండేళ్ళని చెప్పడానికి అందరూ బఖరా సూరా 233వ ఆయత్‌ను ఉదహరిస్తారు. ఆ ఆయత్ ఉన్న చోటును కూడా చూడాలి. దానికి ముందు తలాఖ్ ఆదేశాలున్నాయి. తర్వాతి ఆయత్‌లో భర్త మరణించిన స్త్రీ పాటించవలసిన గడువు ఉంది. అనగా, కాపురం చెదరిన వేళ చంటిబిడ్డ గతి ఏమిటన్న ప్రశ్న ఇక్కడ చర్చకు వచ్చింది. తల్లి తిండికీ, బట్టకూ తండ్రి బాధ్యుడు. వారసునిపైనా అటువంటి బాధ్యతే ఉంది. గడువుకు ముందు పాలు మాన్పించాలంటే ఇరువురి అంగీకారం, సంప్రదింపు అవసరం.

ఇదే ఆయత్‌లోని 'లా తుదార్ర' అనే క్రియారూపం అనువాదకునికి ఒక పరీక్ష. దానిని కర్మణిగా తీసుకుంటే బిడ్డ కారణంగా తల్లిని బాధించరాదని అర్థం. కర్తరిగా తీసుకుంటే తల్లి బిడ్డను అడ్డుపెట్టుకొని తండ్రిని బాధించరాదని అర్థం. వ్యాఖ్యాతలు రెండింటినీ పేర్కొన్నారు. అనువాదంలో ఒకదానిని ఎంచుకోక తప్పదు. రెండవది పాదసూచికలోనైనా ఉండాలి. ఏ అర్థం తీసుకున్నా, పెద్దల తగవులో బిడ్డ సాధనం కారాదన్న మాట నిలుస్తుంది.

ఆధునిక మనోవైద్యం ఈ విషయానికి నెమ్మదిగా చేరుకుంది. 1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కొరకు రాసిన నివేదిక తల్లి నుండి బిడ్డ వేరుకావడాన్ని ప్రధానమైన హానిగా చూపింది. 1972లో మైకేల్ రట్టర్ ఆ వాదాన్ని తిరిగి పరిశీలించాడు. పిల్లల దుష్ప్రవర్తనకు ఎడబాటుకన్నా, ఆ ఎడబాటుకు ముందూ వెనుకా ఇంటిలో సాగే కలహంతోనే ఎక్కువ సంబంధం ఉందని అతడు చూపాడు. ఆసుపత్రి వల్లనో ప్రయాణం వల్లనో కలిగిన ఎడబాటూ, తగాదా వల్ల కలిగిన ఎడబాటూ ఒకటి కావు.

ఇబ్నె సీనా చూపిన రెండు దారులు

తల్లి కలత బిడ్డకు ఎట్లా చేరుతుంది? ఇబ్నె సీనా (980-1037) తన 'ఖానూన్' మొదటి గ్రంథంలో శిశుపోషణకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. తల్లి పాలే శ్రేష్ఠమని చెప్పి, పాలదాదిని పెట్టవలసి వస్తే ఆమె ఎట్లా ఉండాలో వివరించాడు. కోపం, దుఃఖం, భయం వంటివాటికి ఆమె తొందరగా లోనుకారాదు. దీనికి అతడు రెండు కారణాలిచ్చాడు. ఆ ఉద్వేగాలు శరీర స్వభావాన్ని చెరచి పాల ద్వారా బిడ్డకు సోకవచ్చునన్నది మొదటిది. అటువంటి మనిషి బిడ్డను సరిగా చూసుకోదు, లాలించదు అన్నది రెండవది.

మన సంగ్రహకర్తలు మొదటి కారణాన్ని పట్టుకొని పాల పవిత్రతను గురించి పేజీలు నింపారు. రెండవది వారి దృష్టికి ఆనలేదు. నేటి పరిశోధన విస్తారంగా బలపరచినది ఆ రెండవదానినే. 1978లో ఎడ్వర్డ్ ట్రానిక్, అతని సహచరులు ప్రచురించిన ప్రయోగంలో, బిడ్డతో ఆడుతున్న తల్లి కొద్దిసేపు ముఖంలో ఏ చలనమూ లేకుండా ఉండిపోయింది. బిడ్డ ఆమెను తనవైపు తిప్పుకోవాలని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, ఫలితం లేక ముఖం తిప్పుకుంది. ప్రయోగంలో అది కొద్దిసేపటి వ్యవహారం. దిగులుతో కుంగిన తల్లి ఉన్న ఇంటిలో అదే స్థితి నెలల తరబడి సాగవచ్చు. ఆమెకు ప్రేమ లేక కాదు. బదులిచ్చే శక్తి లేక.

ఏడుపును గురించి

ప్రాచీనులు అన్నీ ముందే చెప్పారని గర్వపడే అలవాటు మనలో ఉంది. అది విమర్శకు పనికిరాదు. ఇబ్నుల్ ఖయ్యిమ్ (1292-1350) రచించిన 'తుహ్‌ఫతుల్ మౌదూద్' శిశువును గురించిన ప్రశస్త గ్రంథం. పెద్ద శబ్దాలతోను, భయంకర దృశ్యాలతోను పసివారిని బెదరగొట్టరాదన్న హెచ్చరిక అందులో ఉంది. పిల్లలు చెడడానికి తండ్రుల నిర్లక్ష్యమే ఎక్కువగా కారణమన్న మాటా ఉంది. కాని బిడ్డ ఏడుపుకు, ముఖ్యంగా ఆకలి ఏడుపుకు, తల్లిదండ్రులు కలత చెందనక్కరలేదనీ, ఏడుపు అవయవాలకు మేలు చేస్తుందనీ కూడా అందులో ఉంది. ఇది నాటి వైద్యం, ధర్మాదేశం కాదు. దీనిని ధర్మంగా అనువదించి తల్లుల చేతిలో పెట్టడం తప్పు.

1972లో సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ 26 జంటల తల్లీబిడ్డలను గమనించి, మొదటి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల పిల్లలు సంవత్సరం చివరకు తక్కువగా ఏడ్చారని తెలిపారు. వారి పద్ధతిపై తర్వాత విమర్శలు వచ్చిన మాట నిజం. కాని మనకు అంతకన్నా దగ్గరి ప్రమాణం ఒకటి ఉంది. నమాజును దీర్ఘంగా చేయాలని నిలబడిన మహాప్రవక్త (స), పసిబిడ్డ ఏడుపు విని, తల్లి పడే వేదన తెలిసి, నమాజును కుదించేవారని బుఖారీలో ఉంది. సామూహిక ఆరాధననే ఒక తల్లి మనసు కొరకు సంక్షిప్తం చేసిన ఆదర్శం ముందుండగా, ఏడుపును వ్యాయామంగా లెక్కించవలసిన అగత్యం మనకు లేదు.

కాఠిన్యం విషయంలో మాత్రం పెద్దలు స్పష్టంగానే ఉన్నారు. ఇమామ్ గజాలీ (1058-1111) 'ఇహ్యా' మూడవ భాగంలో, బిడ్డ తొలి తప్పును చూసీ చూడనట్లు ఊరుకొమ్మన్నాడు. మాటిమాటికీ మందలిస్తే మాట విలువ పోతుందన్నాడు. ఆట మాన్పించి చదువులోనే అణచివేస్తే హృదయం చచ్చిపోతుందన్నాడు. ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన 'ముఖద్దిమా'లో, దండనతో పెరిగిన పిల్లలు భయం వల్ల అబద్ధాన్నీ, కపటాన్నీ నేర్చుకొని, అదే స్వభావంగా మిగులుతారని చెప్పి, దౌర్జన్యం కింద బ్రతికిన జాతులకూ ఆ సూత్రాన్నే అన్వయించాడు.

తల్లి భారం ఎవరిది?

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. తల్లి స్థితి బిడ్డకు చేరుతుందని చెప్పగానే, బిడ్డలోని ప్రతి లోపానికీ తల్లినే నిందించే వారు బయలుదేరుతారు. పాశ్చాత్య దేశాల్లో ఈ తప్పు జరిగింది. మన ఇళ్ళలో అత్తగారి నోట ఇంకా జరుగుతున్నది. పైన చెప్పిన ఆయత్ భారాన్ని తండ్రిపై, వారసునిపై పంచింది గనుక ఆ నిందకు ఆధారం లేదు.

భారం పంచుకుంటే ఫలితమేమిటో పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాలలో ఆతిఫ్ రహ్మాన్, అతని సహచరులు జరిపిన పరిశీలన తెలుపుతుంది. 2008లో ప్రచురితమైన ఈ పరిశీలనలో డిప్రెషన్‌తో బాధపడుతున్న 903 మంది గర్భిణులున్నారు. ఒక భాగానికి గ్రామ మహిళా ఆరోగ్య కార్యకర్తలు, శిక్షణ పొంది, ఇంటికి వెళ్ళి ఓపికగా మాట్లాడి, కుటుంబాన్ని కూడా కలుపుకొని సహాయపడ్డారు. రెండవ భాగానికి మామూలు సందర్శనలే జరిగాయి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి మొదటి భాగంలో 23 శాతం తల్లులలోను, రెండవ భాగంలో 53 శాతం తల్లులలోను డిప్రెషన్ మిగిలింది. పిల్లల ఎత్తు, బరువులలో చెప్పుకోదగిన తేడా రాలేదు, దానిని దాచరాదు. కాని విరేచనాలు తగ్గాయి, టీకాలు ఎక్కువగా వేయించారు, తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డతో ఎక్కువసేపు ఆడుకున్నారు.

ఇకముందు తర్బియత్ గ్రంథాలు రాసేవారికీ, అనువదించేవారికీ విన్నపం ఒకటే. అఖీఖాకూ, ఏడవ ఏటి నమాజుకూ నడుమ ఒక అధ్యాయం చేర్చండి. అందులో బాలింత నిద్రను గురించి, ఆమెకు ఇంటిపనిలో అందవలసిన చేయూతను గురించి, బిడ్డ ముందు గొంతు పెంచని తండ్రిని గురించి, దిగులు మనిషిని ఆవరిస్తే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళవలసిన బాధ్యతను గురించి రాయండి. దానికి ఆధారం కొరకు దూరం పోనక్కరలేదు. 233వ ఆయత్‌ను చివరి వరకు చదివితే చాలు.