కల్లంలో ఉన్న వ్యాసం

పల్నాడులోని మాచర్ల, గురజాల ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో రాతకు వెనకాడే పిల్లలు మాటకు వెనకాడేవారు కారు. పల్నాటి వీరుల స్మృతిలో జరిగే కారంపూడి వీరారాధన ఉత్సవాల్లో తొలినాటి రాచగావు మొదలు చివరినాటి కల్లిపాడు వరకు ఏ రోజు ఏం జరుగుతుందో వరుస తప్పకుండా చెప్పగల పిల్లవాడే, దాన్ని వ్యాసంగా రాయమంటే శీర్షిక పెట్టి, కింద గీత గీసి ఆగిపోతాడు. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అనే చట్రం ముందే ఎదురు నిలవడమూ, గైడులోని భాష తప్ప మరేదీ రాతకు తగదన్న నమ్మకమూ అతని కలాన్ని ఆపుతున్నాయి.

ఈ చిక్కు పాతదే. బడి వ్యాసం గ్రాంథికంలో, అంటే పూర్వకావ్యాల వ్యాకరణానికి కట్టుబడిన భాషలో, ఉండాలా, లేక వాడుకభాషలో ఉండవచ్చా అన్న వివాదంలో గిడుగు రామమూర్తి 1913లో ఆధునిక తెలుగు పక్షాన విజ్ఞాపన పత్రం వెలువరించగా, మరుసటి ఏడు అదే పక్షాన గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. కాలక్రమంలో పాఠ్యపుస్తకం మారింది గాని, పల్నాటి ఇంటిమాటకు నోటుపుస్తకంలో చోటు ఇంకా సరిగా దొరకలేదు.

అందుకు మౌఖిక రచన, అంటే విద్యార్థి చెబుతుండగా ఉపాధ్యాయుడు ఆ మాటలనే దిద్దకుండా నల్లబల్లపై రాయడం, మంచి ఆరంభం. మిరప కోతల కాలంలో వారాల తరబడి బడికి రాని పిల్లను గైర్హాజరుకు మందలించడంతో సరిపెట్టకుండా, కల్లంలో కాయలు ఎలా ఆరబోస్తారో చెప్పమంటే, పలచగా పరచడం, తిరగేయడం, రంగు పోయి తెల్లబారిన తాలుకాయను ఏరి వేరే కుప్ప పోయడం, రాత్రి మంచుకు తడవకుండా పట్టా కప్పడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. క్రమం, కారణం, వివరం అన్నీ అందులోనే ఉన్నాయి కనుక విషయ విశ్లేషణ అంటే ఏమిటో ఆమెకు విడిగా బోధించవలసిన పని లేదు.

దిద్దుబాటు తర్వాతి మాట. ఒక విడతకు ఒకే రకం తప్పును, ఉదాహరణకు ఒత్తులను మాత్రమే, చూపడం మేలు. పేజీ అంతా ఎర్రసిరా నింపితే పిల్ల తిరిగి రాయదు. అంతకంటె ముఖ్యమైనది చదివేవారు ఉండటం. నరసరావుపేట పట్టణంలో పెరిగి కల్లం ఎరగని తోటి విద్యార్థి ఆ రాత చదివి, ఎండబెట్టిన కాయల మీద వాన పడితే ఏం చేస్తారని అడిగితే, జవాబుగా ఆమె చేర్చే నాలుగు వాక్యాలు ఎవరూ చెప్పి రాయించినవి కావు.