హెలికాప్టర్‌ను పిలిచేదెవరు?

స్కూబా డైవింగ్ బీమా కొనేవాళ్లు మొదట చూసేది ఎన్ని లక్షలకు అన్నది. ప్రమాదం జరిగిన గంటలో మాత్రం ఆ అంకె అక్కరకు రాదు. అప్పుడు తేలాల్సినవి వేరు. మనిషిని అక్కడి నుంచి తరలించాలా వద్దా అన్నది ఎవరు చెప్పాలి, ఎక్కడికి తరలించాలి, ఏర్పాట్లు చేయమని ఎవరికి ఫోన్ చేయాలి? పాలసీలో 'ఎమర్జెన్సీ ఎవాక్యుయేషన్' శీర్షిక కింద సన్న అక్షరాల్లో ఉండే పేరాలు ఈ మూడింటికీ జవాబులే. వాటిని దాటేసి ఆ లక్షల అంకె చూసి సంతకం పెట్టడం మనకు బండి బీమా దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. డైవింగ్‌లో ఆ అలవాటు బాగా ఖరీదు పడుతుంది. ఇక్కడ మనం కొంటున్నది చికిత్స ఖర్చు కన్నా ముందు ఒక నిర్ణయాన్ని. డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టరు అర్ధరాత్రి ఫోనెత్తి తీసుకునే నిర్ణయం అది.

డైవర్లకు వచ్చే జబ్బు తీరే అలాంటిది. నీటి అడుగున ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు ఆ ఒత్తిడి తగ్గితే, ముఖ్యంగా తొందరపడి వస్తే, అది బుడగలు కట్టి కీళ్లను, వెన్నుపామును, మెదడును దెబ్బతీస్తుంది. డైవర్లు 'బెండ్స్' అనేది దీన్నే. తొలి సాయం నూరు శాతం ఆక్సిజన్. అసలు వైద్యం రీకంప్రెషన్ చాంబర్‌లో జరుగుతుంది. ఎన్నో దేశాల్లో వాడే అమెరికా నేవీ టేబుల్ 6 ప్రకారం రోగిని 18 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో పెట్టి, ఆక్సిజన్ ఇస్తూ, దాదాపు 4 గంటల 45 నిమిషాల్లో మెల్లగా మామూలు ఒత్తిడికి తెస్తారు. ఇలాంటి చాంబర్ ప్రతి ఊళ్లోనూ దొరికేది కాదు. మనవాళ్లు డైవింగ్ కోసం వెళ్లే అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌నే, అంటే పాత హావ్‌లాక్‌నే తీసుకుందాం. చాంబర్ ఉన్నది సుమారు 40 కిలోమీటర్ల అవతల, శ్రీ విజయ పురంలోని నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరిలో. నిన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్ అన్నది ఈ ఊరినే. నేల మీదైతే 40 కిలోమీటర్లు ఒక లెక్కా? మధ్యలో ఉన్నది సముద్రం. ఫెర్రీకి గంటన్నర నుంచి రెండున్నర గంటలు పడుతుంది, పొద్దుగూకాక ఫెర్రీలు ఉండవు. హెలికాప్టర్ ఎగరాలంటే వాతావరణం ఒప్పుకోవాలి. అక్కడ కుదరకపోతే తర్వాతి దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ప్రధాన భూభాగమే. మామూలు ప్రయాణికుల విమానంలో ఎక్కించి పంపిద్దామంటే, దాని క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది. ఒత్తిడి తగ్గితే బుడగ పెరుగుతుంది. అందుకే హెలికాప్టర్ అయితే 300 మీటర్ల లోపు ఎత్తులోనే పోవాలంటారు, విమానమైతే క్యాబిన్‌లో సముద్రమట్టం ఒత్తిడి నిలిపే ఎయిర్ అంబులెన్స్ కావాలంటారు. అలాంటి విమానం బిల్లు ముందు చాంబర్ బిల్లు చాలాసార్లు చిన్నదైపోతుంది.

ఇక ఎక్కడికి తీసుకెళ్తారన్నది. ఎక్కువ పాలసీలు ఒప్పుకునేది దగ్గర్లో ఉన్న తగిన వైద్య కేంద్రానికి చేర్చడం వరకే. మన ఊరికి, మనకు నమ్మకమున్న కార్పొరేట్ ఆసుపత్రికి అని వాటిలో ఉండదు. స్వస్థలానికి చేర్చడం వేరే క్లాజు, దానికి వేరే షరతులు. 'తగిన' అన్నది తేల్చడం కూడా అనుకున్నంత సులువు కాదు. నగరాల్లో హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో మానని పుండ్ల చికిత్సకు పెట్టినవి ఉంటాయి, అలసట పోగొడతామంటూ పెట్టిన మెత్తటి గుడారాల్లాంటివీ ఉంటాయి. ఆ గుడారాల్లో ఒత్తిడి సాధారణంగా మామూలు వాతావరణానికి 1.3 రెట్లు దాటదు. బెండ్స్‌కు కావాల్సింది 2.8 రెట్లు. అమెరికాలోనే రాత్రీ పగలూ డైవర్లను చేర్చుకునే చాంబర్లు తగ్గిపోయాయి. పగటిపూట పుండ్లకు వైద్యం చేయడమే ఆసుపత్రులకు గిట్టుబాటైంది మరి. కాబట్టి మ్యాపులో దగ్గరగా కనిపించే చాంబర్ ఒకటి, ఈ రాత్రి తలుపు తీసే చాంబర్ ఇంకొకటి కావచ్చు. ఆ తేడా తెలిసిన మనిషి ఫోన్ నంబరే పాలసీలో అసలు సరుకు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. 1980లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అది మొదలైంది డైవింగ్ ప్రమాదాల కోసం పెట్టిన ఫోన్ లైనుగానే. బీమా ఆ తర్వాత వచ్చి చేరింది.

ఆ ఫోన్‌లోని డాక్టరు ఒక్కోసారి తరలించవద్దనీ చెబుతాడు. బీమా కంపెనీ డబ్బు మిగుల్చుకోవడానికే అలా చెప్పిస్తుందన్న అనుమానం సహజం. కానీ 2018లో ప్రచురితమైన డైవింగ్ వైద్య నిపుణుల ఏకాభిప్రాయ పత్రం కూడా, లక్షణాలు స్వల్పంగా ఉండి, ముదరకుండా నిలకడగా ఉంటే, తరలింపే ప్రమాదమైన చోట చాంబర్ లేకుండా చూసుకోవచ్చని ఒప్పుకుంటుంది. అయితే ఆ స్వల్పం ఏది, ముదిరింది ఏది అన్నది నరాల పరీక్షతో డాక్టరు తేల్చాలి. బోటులో ఉన్న స్నేహితులో, రిసార్ట్ మేనేజరో తేల్చేది కాదు. పాలసీ కొనేముందు ఆ లైనులో పలికేది డైవింగ్ వైద్యం తెలిసినవారా, మామూలు కాల్ సెంటరా అని అడిగి తెలుసుకోవడాన్ని నేను ప్రీమియం కన్నా ముందు పెడతాను.

చాలామందికి కోపం తెప్పించేది ముందస్తు అనుమతి షరతు. కంపెనీకి చెప్పకుండా మీరే విమానం మాట్లాడుకుంటే డబ్బు రాకపోవచ్చని చాలా పాలసీలు స్పష్టంగానే రాస్తాయి. ప్రాణం పోతుంటే అనుమతి ఏమిటంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆక్సిజన్ పెట్టడానికి, ఒడ్డుకు చేర్చడానికి, దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి, కోస్ట్ గార్డ్ 1554 నంబరుకు ఫోన్ చేయడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. ముందు చేయాల్సినవి అవే. అక్కడి నుంచి ఇంకో చోటికి ఖరీదైన ప్రయాణం కట్టేటప్పుడు బీమా డాక్టరు అడ్డుపడటం వల్ల మేలే ఎక్కువ. కంగారులో మాట్లాడుకున్న విమానం ఒత్తిడి నిలపలేనిదై, చేరిన చోట చాంబర్ ఖాళీ లేకపోతే ఆ డబ్బంతా పోసి రోగిని మరింత చెడగొట్టినట్టే కదా. నా అభ్యంతరమల్లా ఫోన్ చేసే బాధ్యతను పాలసీ రోగి నెత్తిన పెట్టడం మీద. మాట తడబడుతున్నవాడు పాలసీ నంబరు చెప్పలేడు. ఆ నంబరు డైవ్‌లో జతగా దిగే బడ్డీ దగ్గర, బోటు నడిపేవాళ్ల దగ్గర ఉండాలి.

హెల్త్ పాలసీ ఉంది కదా అనేవాళ్లున్నారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో తొమ్మిదోది సాహస క్రీడల గురించే. స్కూబా డైవింగ్ పేరు అందులో నేరుగా ఉంది. అయితే ఆ మినహాయింపు వృత్తిగా చేసేవారికి వర్తిస్తుంది, సరదాకు దిగిన పర్యాటకుడికి కాదు. అంటే ఆసుపత్రి ఖర్చు వరకు పర్యాటకుడు కొంత నయం. రుషికొండ తీరం నుంచి జనాన్ని డైవింగ్‌కు తీసుకెళ్లే ఇన్‌స్ట్రక్టర్ సంగతే కష్టం. ఎక్కువసార్లు నీళ్లలోకి దిగేవాడికే మామూలు పాలసీ పనికిరాకుండా పోతోంది. పర్యాటకుడికైనా ఎయిర్ అంబులెన్స్ ఉంటే దానికొక పరిమితి ఉంటుంది, ద్వీపం నుంచి బోటు లెక్కలోకే రాకపోవచ్చు. విదేశీ ట్రావెల్ పాలసీల్లో లోతు పరిమితి, సర్టిఫికెట్ షరతు చూడాలి. మాల్దీవుల్లో నిబంధనే డైవర్లను 30 మీటర్ల దగ్గర ఆపుతుంది. దాన్ని దాటినవాడి క్లెయిమ్‌కు కంపెనీ ఆ మాటే అడ్డం వేయగలదు.

నేవీ, కోస్ట్ గార్డ్ ఉన్నాయిగా, మధ్యలో ఈ బీమా ఎందుకన్న వాదనలో బలముంది. అండమాన్‌లో చాంబర్ నడిపేది నేవీయే. సముద్రంలో గాలింపుకు, రక్షణకు వచ్చేది కోస్ట్ గార్డే. లేని హెలికాప్టర్‌ను ఏ పాలసీ పుట్టించలేదు, రాత్రి తుపానులో ఉన్నదాన్నీ ఎగరేయలేదు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. గాలింపు ఖర్చు కూడా ఎవాక్యుయేషన్‌లో కలిసి ఉండకపోవచ్చు, విడిగా చూసుకోవాలి. అయినా ప్రభుత్వ సాయం ప్రాణం కాపాడే మేరకు ఉంటుంది. ఆ తర్వాత ఏ డాక్టరు, ఏ విమానం, ఎవరి ఖర్చు అన్న లెక్కలు కుటుంబానివే.

మొదటిసారి 12 మీటర్ల లోపు దిగి వచ్చేవాడికి ఇదంతా అతి అంటారు. బెండ్స్ విషయంలో అది చాలావరకు నిజం. కానీ సిలిండర్ గాలి పీల్చి, భయంతో ఊపిరి బిగబట్టి పైకి వస్తే మీటరున్నర లోతు నుంచి కూడా ఊపిరితిత్తులు చిట్లి గాలి రక్తంలోకి ఎక్కవచ్చు. నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు. దానికీ వైద్యం ఆ చాంబరే, దారీ ఆ సముద్రమే. ఊపిరి బిగబట్టే పొరపాటు కొత్తవాళ్లే ఎక్కువగా చేస్తారు.

తరలింపు అయి, చికిత్స ముగిశాక కూడా కొన్ని రోజులు విమానం ఎక్కవద్దంటారు డాక్టర్లు. ఆ రోజుల గది అద్దె, మారిన టికెట్లు, తోడున్న మనిషి ఖర్చులు కొన్ని పాలసీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. హెలికాప్టర్‌కు డబ్బిచ్చిన పాలసీ శ్రీ విజయ పురం లాడ్జిలో ఆ వారం అద్దెకు ఇవ్వకపోవచ్చు. అడిగితే తప్ప ఏజెంటు చెప్పడు.