గాలి అన్నారు, నీళ్లనలేదు

మిర్యాలగూడకు సముద్రం చాలా దూరం. మేం సముద్రాన్ని ఎక్కువగా చూసేది టీవీలోనే. అయినా బంగాళాఖాతంలో వాయుగుండం అన్నమాట చెవిన పడగానే మా వీధిలో ముందుగా కాళ్లకు పని చెప్పేది ఆడవాళ్లే. అవి కోతల రోజులు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు రోడ్ల మీద, కల్లాల్లో, ఐకేపీ కేంద్రాల ముందు ఆరబోసి ఉంటాయి. ఎక్కడో తీరం దాటే తుపానుకు ఇక్కడ పట్టాలు వెతకాలి, కుప్పలు చేయాలి, కప్పాలి, చుట్టూ కాలువ తీయాలి. తడిసిన వడ్లకు మిల్లు దగ్గర ధర పడిపోతుంది. మర్నాటి పేపర్లో మాత్రం 'రైతు కంట కన్నీరు' అని వస్తుంది. పట్టా నాలుగు మూలలా రాళ్లు మోసిపెట్టిన మనిషి ఆ వాక్యంలో ఉండదు.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం వైపు వస్తున్నప్పుడు నేను మా ఎదురింటి అక్క దగ్గర కూర్చుని టీవీ చూస్తున్నాను. అక్కది దివిసీమ. మా ఊళ్లో ఉండబట్టి నలభై ఏళ్లు దాటింది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు ఈ ఆయకట్టుకు వచ్చి భూములు కొనుక్కున్నాయి, కౌలుకు చేశాయి. అక్క మేనమామ అట్లా వచ్చినవాడే. 1977 ఉప్పెన తర్వాత అక్కనూ, ఆమె తమ్ముణ్నీ ఆయనే ఇక్కడికి తీసుకొచ్చాడు. ఆమె యాసలో ఇప్పుడు రెండు ఊళ్లు కలిసిపోయాయి. ఆ సాయంత్రం టీవీలో అమ్మాయి 'ఉప్పెన ఎత్తు' అంటూ మీటర్లు చెబుతోంది. అక్క ఉలిక్కిపడి, "ఇప్పుడు నీళ్ల సంగతి కూడా చెబుతున్నారన్నమాట" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. నలభై ఎనిమిదేళ్లలో ఆమె నాకు ఆ సంగతి చెప్పడం అదే మొదలు. నేను అడగడమూ అదే మొదలు.

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. వరి కోతకొచ్చి ఉంది. అక్కకు పదిహేడేళ్లు. వాళ్ల వదిన ఎనిమిది రోజుల బాలింత. "మాకు గాలి వస్తందన్నారు. గాలికి ఏం చేస్తాం? చూరుకి తాళ్లు వేసి కట్టాం. పురిటి గది తలుపులు బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కాం, బిడ్డకి గాలి తగలకుండా. అమ్మ వదిన దగ్గరే ఉంది. నన్నూ తమ్ముణ్నీ ఊళ్లో మేడింటికి పొమ్మంది. గాలని చెప్పారు గానీ నీళ్లని ఎవరూ చెప్పలేదమ్మాయ్. నీళ్లంటే తలుపులు తీసే పెట్టేవాళ్లం."

తల్లీ, వదినా, పేరు కూడా పెట్టని ఆ బిడ్డా దక్కలేదు.

తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని నేను. ఏ పదం ఎక్కడ వాడాలో ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను. గాలివానకూ ఉప్పెనకూ తేడా అర్థభేదం మాత్రమే అనుకున్నాను. ఒక తలుపు మూయాలా, తీయాలా అన్నది ఆ తేడా మీద ఆధారపడి ఉందని ఆ రోజు తెలిసింది. అందుకే ఈ వ్యాసం. తుపాను గురించి మన భాషలో రాసినవీ, చదివి వినిపించేవీ ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నాయి? ఎవర్ని చూడకుండా వదిలేస్తున్నాయి? సాహిత్య విమర్శ కవితలకూ కథలకూ మాత్రమే పరిమితం కానక్కర్లేదని నా అభిప్రాయం. రేడియో హెచ్చరిక కూడా ఒక రచనే. లక్షలమంది విన్న రచన.

ఆ రచనను కాస్త నిదానంగా చదివి చూడండి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను. ఇదొక మెట్ల వరుస. తర్వాత ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు. ఆ నంబర్లు పుట్టిందే ఓడల కోసం. ఆ తర్వాత 'మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.' ఇది మగవాడితో మాట్లాడే వాక్యం. చేప తెచ్చేది అతడే కావచ్చు. దాన్ని ఎండబెట్టి, గంపకెత్తి, ఊరూరా అమ్మేది ఆడమనిషి. ఆమెకు ఆ హెచ్చరికలో క్రియ లేదు. ఆరబెట్టిన చేపల్ని ఏం చేయాలో, తాగేనీళ్లు ఎన్ని రోజులకు పట్టిపెట్టుకోవాలో, ఉప్పునీరు ఎక్కితే బావి ఎన్నాళ్లు పనికిరాదో చెప్పే వాక్యం మన చిన్నప్పటి బులెటిన్లలో విన్న గుర్తు నాకు లేదు.

స్త్రీ కనిపించేది ఇంకా కింద, 'మహిళలు, పిల్లలు, వృద్ధులు' అనే మూటలో. 'సురక్షిత ప్రాంతాలకు తరలించారు' అన్న వాక్యంలో ఆమె కర్మ. కర్త ఎప్పుడూ అధికారులే. నిజానికి ఏం జరుగుతుంది? అంగన్‌వాడీ టీచరూ, ఆశా కార్యకర్తా ఇంటింటికీ తిరుగుతారు. ఇంట్లో ఆడమనిషి ముసలి అత్తను ఒప్పిస్తుంది, గేదెల పలుపులు విప్పుతుంది, రేషన్ కార్డూ పాసుపుస్తకమూ కవరులో చుట్టి నడుముకు కట్టుకుంటుంది, అగ్గిపెట్టె డబ్బాలో పెడుతుంది, చింతపండూ ఉప్పూ ఇన్ని బియ్యమూ మూటగడుతుంది, పిల్లల్ని లెక్కపెట్టుకుంటుంది. అంతా అయ్యాక ఆమెను 'తరలించారు.' ఇంటి చాకిరీ కనబడకపోవడం గురించి మనం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. తుపానుకు ముందు రాత్రి ఆ చాకిరీ ప్రాణాలు నిలబెడుతుంది. అప్పుడు కూడా అది చాకిరీగా లెక్కకు రాదు.

ఇక కవిత్వం. 1977 ఉప్పెన అనగానే తెలుగు పాఠకులకు గుర్తొచ్చేది నగ్నముని 'కొయ్యగుర్రం'. దిగంబర కవుల్లో ఒకరైన ఆయన, జీవం లేని ప్రభుత్వ యంత్రాన్ని కొయ్యగుర్రంగా నిలబెట్టి రాసిన దీర్ఘకవిత. దాన్ని క్లాసులో చెబుతున్నప్పుడు నా గొంతు వణికిన రోజులున్నాయి. పదివేల ప్రాణాలు పోయిన చోట అంత కోపం అవసరం. ఆ కోపాన్ని తగ్గించి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. పాలకుల నిర్లక్ష్యాన్ని ప్రకృతి ఖాతాలో వేసి తప్పించుకోనివ్వలేదది. అయితే నా చదువులో ఒక లోపం ఉంది. ఆ కవితను నేను ఎప్పుడూ రాజ్యం వైపు నుంచే చదివాను. ఉప్పెన వచ్చాక ఎవరు ఏం చేశారు, ఏం చేయలేదు అన్నదే చూశాను. రాకముందు ఇంట్లో ఏం జరుగుతోంది అని ఏ ఏడాదీ పిల్లల్ని అడగలేదు. నేనూ అడుక్కోలేదు. అడగాల్సిన మనిషి ఎదురింట్లోనే ఉంది.

ఆ కవిత సంగతి అక్కకు చెప్పాను. శ్రద్ధగా విన్నది. "అయిపోయినాక రాశారన్నమాట. మంచిదే. ముందు సంగతి ఎవరు రాస్తారు మరి?" అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన విపత్తు రచన చాలావరకు శవాల దగ్గర మొదలవుతుంది. శవం దగ్గర మొదలైతే స్త్రీ రెండే రకాలుగా కనిపిస్తుంది. ఒకటి చచ్చిపోయిన తల్లి, రెండు ఏడుస్తున్న తల్లి. ఆమె తీసుకున్న నిర్ణయం కనిపించదు. అక్క వాళ్లమ్మ ఆ మధ్యాహ్నం ఒక నిర్ణయం తీసుకుంది. తనకు అందిన సమాచారంతో, పురుడు గురించి తనకు నేర్పిన నియమాలతో. గాలికి బాలింతను బయటికి తీయకూడదు. ఎదిగిన పిల్లను పెద్దింటికి పంపాలి. తను ఉండిపోవాలి. దాన్ని 'మాతృత్వ త్యాగం' అంటే నేను ఒప్పుకోను. ఆమె చావడానికి ఉండిపోలేదు. బతికించడానికి ఉంది. సగం సమాచారం ఇచ్చి ఆమెను ఓడించారు.

ఇది ఒక్క దివిసీమ కథ కాదు. 1991 ఏప్రిల్ 29న బంగ్లాదేశ్‌ను ముంచిన తుపానులో దాదాపు 1,38,000 మంది చనిపోయారు. 20 నుంచి 44 ఏళ్ల లోపువాళ్లలో మగవాళ్లు వెయ్యికి 15 మంది పోతే, ఆడవాళ్లు 71 మంది పోయారని తర్వాత లెక్క తేలింది. కారణాలు చదువుతుంటే నాకు అక్క ఇల్లే కనిపించింది. భర్త వచ్చేదాకా ఇల్లు కదలకపోవడం, చంకలో పిల్లలు, కాళ్లకు చుట్టుకునే చీర, పరాయి మగవాళ్ల మధ్య షెల్టర్లో ఉండాలంటే సిగ్గు. సముద్రానికి ఆడా మగా తేడా లేదు. ఆ తేడా ఒడ్డున మనం పెట్టుకున్నదే.

కులం తేడా కూడా. అక్కను అడిగాను, మేడింట్లోకి అందర్నీ రానిచ్చారా అని. కాసేపు మాట్లాడలేదు. "మమ్మల్ని లోపలికి రానిచ్చారు. పేటవాళ్లు అరుగు మీద ఉన్నారు. నీళ్లు అరుగెక్కినాక గానీ అందరూ మేడెక్కలేదు. అప్పటికి ఉన్నవాళ్లు ఎక్కారు" అంది. ఈ వాక్యాన్ని నేను ఎట్లా చదివినా చివరి మూడు మాటల దగ్గర ఆగిపోతున్నాను. స్త్రీలందర్నీ కలిపి 'మనం' అనే అలవాటున్న నాలాంటివాళ్లు, ఆ అరుగు మీద నిలబడ్డ స్త్రీని ఏ 'మనం'లో చేరుస్తామో చెప్పుకోవాలి.

ఇంకో మాట చూడండి, 'గల్లంతు'. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో. పేపర్లలో వాళ్లు 'గల్లంతయినవారు.' గల్లంతయినవాడి భార్య ఎవరు? శవం లేదు కనుక వితంతువు కాదు. మనిషి లేడు కనుక ఇల్లు గడవదు. మరణానికి రుజువు అడిగే కాగితం ముందు ఆమె నిలబడాలి. బొట్టు తీయమనే బంధువుల ముందూ నిలబడాలి. ఒక్క విలేఖరి పదం ఇద్దరి జీవితాన్ని దాచేస్తుంది. పోయినవాడిదీ, ఎదురుచూసేదానిదీ.

ఇక పోలికలు. కెరటం ఉగ్రరూపం దాల్చిన శక్తి, గాలి జుట్టు విరబోసుకున్నది, గంగమ్మకు కోపం వచ్చింది. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన తుపానుకు లైలా అని పేరుంటే, మా స్టాఫ్ రూములో రెండు రోజులు ఆ పేరు మీద జోకులే. అమెరికాలో 1953 నుంచి తుపానులకు ఆడపేర్లే పెట్టేవారు. చపలచిత్త, ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియదు అని రాసేవారు. ఫ్లోరిడాకు చెందిన స్త్రీవాది రాక్సీ బోల్టన్ వంటివాళ్లు ఏళ్ల తరబడి పోట్లాడితే, 1979 నుంచి అట్లాంటిక్ తుపానులకు మగపేర్లు కూడా చేరాయి. అప్పుడామెను చూసి నవ్వినవాళ్లున్నారు, పేరులో ఏముందని. సముద్రాన్ని కోపిష్టి ఆడదాన్ని చేసే పోలిక ఇంకో పని కూడా చేస్తుంది. మడ అడవులు నరికిన చేతుల్నీ, కరకట్ట బాగుచేయించని కుర్చీల్నీ కనబడకుండా చేస్తుంది. ఆమెకు కోపమొచ్చింది, మనమేం చేస్తాం!

మారలేదని అనను. 1864 నవంబరులో బందరు ఉప్పెన దాదాపు 30,000 మందిని మింగింది. 1977 తర్వాత తీరమంతా తుపాను షెల్టర్లు వచ్చాయి. 1990 మేలో మళ్లీ అదే కృష్ణా తీరాన్ని పెద్ద తుపాను తాకినప్పుడు మృతులు వెయ్యికి లోపే. ఇప్పుడు ఉప్పెన ఎత్తు విడిగా చెబుతున్నారు. ఇటీవలి తుపానుల్లో ప్రసవానికి దగ్గరపడ్డవాళ్లను ముందే ఆస్పత్రులకు చేరుస్తున్నారు. ఆ వార్త చదివి వినిపించినప్పుడు అక్క ఏమీ అనలేదు. పేపరు తీసుకుని మళ్లీ తనే చదువుకుంది. అయినా 1990లో షెల్టర్లో రెండు రాత్రులు గడిపిన వాళ్ల చిన్నాన్న కూతురు ఏం చెప్పిందో కూడా అక్కే చెప్పింది. మరుగుదొడ్డి లేక, చీకటి పడేదాకా ఆడవాళ్లు నీళ్లు తాగలేదట. చుట్టూ నీళ్లే. షెల్టరు ప్లాను గీసినవాళ్లు కూడా ఒక రచన చేశారు, అందులో మన దేహం లేదు.

తుపాను మా దాకా కూడా వస్తుంది. 2024 ఆగస్టు చివర వాయుగుండం కురిపించిన వానకు కోదాడ మునిగింది, నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండిపడింది. సముద్రం దూరమన్న ధీమా ఇక చెల్లదు. ముందురోజు ఏం చేయాలో తెలిసిన ఆడవాళ్లు తీరంలోనే కాదు, మన వీధిలో కూడా ఉన్నారు. వాళ్లను అడగండి. కథగా వస్తుందో, కవితగా వస్తుందో, వంట గదిలో చెప్పిన జాబితాగా వస్తుందో, వచ్చినట్టే రాయండి. నాకు అక్క చెప్పిన జాబితా ఇది. అగ్గిపెట్టె డబ్బాలో పెట్టు. బిందెకు మూత గుడ్డతో కట్టు. గేదెల పలుపు విప్పు, అది ఈదుకుంటుంది. పిల్లలకు ఊరి పేరు చెప్పడం నేర్పు. గాలంటే తలుపు వేసుకో. నీళ్లంటే తలుపు తీసిపెట్టు.

"ఏదొస్తందో అడుగు ముందు," అంది అక్క, "చెప్పేదాకా అడుగు."