రేగడిలో వాన నడక

కార్తీక పున్నమి సముద్రస్నానానికి ఒంగోలు తీరంలోని కొత్తపట్నం వచ్చేవాళ్ళు ఇప్పుడు ఆటోలూ ట్రాక్టర్లూ దిగి, మూడు మునకలేసి, గంటలో వెనక్కి తిరుగుతున్నారు. ఒకప్పుడు మెట్ట ఊళ్ళ నుంచి కూడా నడిచే వచ్చేవాళ్ళు. నడిచి రావడం పెద్ద విశేషం కాదు, ఆ నెలలో నడిచి రావడం విశేషం. నైరుతి మబ్బు మన వైపు ఎప్పుడూ పిసినారే. ఒంగోలు తీరానికి అసలు వాన చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో, ఈశాన్యపు గాలితో, వాయుగుండాలతో వస్తుంది. అంటే మనకు యాత్రల కాలమూ తుఫానుల కాలమూ ఒకటే. తిరుపతి మొక్కులైనా, అయ్యప్ప మాలలైనా, సముద్రస్నానాలైనా నెత్తిన వాన పెట్టుకునే సాగాలి. అలా సాగి సాగి ఈ నేల మీద ఒక విద్య తయారైంది. దాన్ని నేను కళ అనే అంటాను, నవ్వేవాళ్ళు నవ్వనీండి.

ఈ కళలో మొదటి పాఠం ఆగడం. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, కాళ్ళను నమ్ముకుని బతికిన బౌద్ధ భిక్షువులే వానాకాలం మూడు నెలలూ నడక మానేసి ఒకచోట ఉండిపోయేవారు. సన్యాసుల చాతుర్మాస్యమూ అలాంటిదే. గుండ్లకమ్మ ఒడ్డున దొనకొండ దగ్గర చందవరం స్తూపం ఉంది. కాశీకీ కంచికీ మధ్య తిరిగే భిక్షువులు అక్కడ బస చేసేవారట. ఆ గుట్టెక్కి కింద ఏటిని చూస్తే బసకు ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది. వాళ్ళు కాలమంతా ఆగారు, మనవాళ్ళు పూటలు ఆగడం నేర్చారు. పాతకాలపు యాత్ర పెద్ద బయల్దేరే ముందు కార్తె చూసేవాడు, చంద్రుడి చుట్టూ గుడి కట్టిందేమో చూసేవాడు, తీరం వైపు వెళ్ళేటట్టయితే రేవులో ఎన్నో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేశారో కనుక్కునేవాడు. మూడో నంబరంటే మూట విప్పేయడమే. పదిరోజుల నడకకు పన్నెండు రోజుల తిండి కట్టేవాడు. ఆ రెండు రోజులూ వాగుల వాటా.

ఇక అసలు సంగతి నేల. గుంటూరు, ప్రకాశం పత్తి చేలలో పుట్టినవాడికి రేగడి గురించి చెప్పక్కర్లేదు. ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలిస్తుంది, వాన పడితే ఉబ్బి మూసుకుంటుంది. కొత్తవాడు చేసే తప్పేమిటంటే వాన వెలిసేదాకా చూరు కింద నిలబడి, వెలవగానే బయల్దేరడం. రేగడికి అదే చెడ్డ ఘడియ. తొలి జల్లుకీ, వాన వెలిశాక ఆరేటప్పుడూ మట్టి బంకగా ఉంటుంది. పది అంగలకు ఒక్కో కాలికి రెండేసి కిలోల ముద్ద. అదే జోరు వానలోనైతే మట్టి జావలా జారిపోతుంది, కాలు సులువుగా వస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు రేగడి దారిని కురుస్తుండగానే దాటేస్తారు, వెలిశాక ఏ గరువు నేల మీదో, గుడి మంటపంలోనో కూర్చుని ఒళ్ళు తుడుచుకుంటారు. మాటకు తేలిక, పాటించడానికి గుండె కావాలి.

అడుగు వేయడం కూడా వేరు. మడమ ముందు ఆనితే జారతాం. పాదమంతా ఒకేసారి, కాస్త పక్కవాటుగా దించాలి. లేపేటప్పుడు బొటనవేలు గుచ్చి, మడమ తిప్పి, చప్పుడు కాకుండా లాగాలి. గబుక్కున పీకితే మట్టి చప్పరించినట్టు శబ్దమొస్తుంది, ఆ శబ్దం వినిపించిందంటే నడిచేవాడు అలిసిపోయాడని అర్థం. అల్లూరు వైపు గొర్రెల కాపరి పెద్దాయన ఒకాయన ముసురులో మంద వెనక నడుస్తుంటే నేను మైలు దూరం ఆయన కాళ్ళే చూస్తూ నడిచాను. ఒక్కసారి కూడా చప్పుడు రాలేదు. పంచె అంచుకు బురద చుక్క లేదు. ఆయన చూపు పాదాల దగ్గర లేదు, పది బారల ముందు గడ్డి మీద ఉంది. గరిక కనిపిస్తే కాలు పెట్టేవాడు, తుంగ కనిపిస్తే కర్ర పెట్టేవాడు. గరిక ఉన్నచోట అడుగు గట్టి, తుంగ లేచినచోట కింద నీరు నిలిచి ఉంటుంది. చవుడు నేల దగ్గర మాత్రం ఆయనా నెమ్మదించాడు. పైకి సిమెంటులా కనపడే ఉప్పునేల తడిస్తే పైపొర ఒక్కటే లేస్తుంది. దాన్ని ఏ గడ్డీ చెప్పదు. ఇంతటి చదువుకు ఏ విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుందండీ?

కొత్తపట్నం వైపు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. రేగడి వెనకబడి ఇసుక మొదలవుతుంది. ఎండలో ఇసుక నడక నరకం, వానలో స్వర్గం. తడిసిన ఇసుక గట్టిపడి అడుగును నిలుపుతుంది. అందుకని మంచి యాత్ర పెద్ద వేసవిలో లోపలి డొంకలూ, వానల్లో తీరం ఒడ్డూ ఎంచుకునేవాడు. పెదగంజాం నుంచి దక్షిణానికి సాగే బకింగ్‌హాం కాలువ గట్టు కూడా అలాంటి బాటే. సరుకు పడవలు తిరిగిన రోజుల్లో గట్టెంట మనిషి అలికిడి ఉండేది. ఇప్పుడక్కడ సర్కారు తుమ్మదే రాజ్యం.

వాగు దాటడం ఈ విద్యకు పరీక్ష. గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువును నింపి, అద్దంకి మీదుగా ఒంగోలు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అద్దంకిలో ఎండ కాస్తున్నా ఏరు పొంగొచ్చు, ఎందుకంటే వాన పడింది అడవిలో. అది తెలియనివాడు ఆకాశం చూస్తాడు, తెలిసినవాడు నీటి అంచు చూస్తాడు. అంచున ఒక పుల్ల గుచ్చి, చుట్ట కాల్చుకున్నంతసేపు కూర్చుంటాడు. పుల్ల మునిగితే ఆ పూటకు దాటే మాట లేదు. నీరు పుల్లను వదిలి వెనక్కి తగ్గి, ఒడ్డున నురగ చార మిగిలితే పోటు తగ్గుతున్నట్టు. నీటిమీద ఆకూ అలమూ, ఎండు కొమ్మలూ కొత్తగా కొట్టుకొస్తుంటే పైన ఇంకా పెరుగుతున్నట్టు. దాటేటప్పుడు మోకాలు దాటిన పరుగునీళ్ళలోకి దిగరు. అంతకంటే లోతు లేనిచోట దిగినా కర్రను ఎగువకు ఆనించి, దిగువకు ఏటవాలుగా కదులుతారు. మూట ముడి వదులు చేసుకుంటారు, పడితే మూట పోవాలి గానీ మనిషి పోకూడదు. ఇప్పుడు గుండ్లకమ్మ మీది మల్లవరం జలాశయం గేట్లు ఎప్పుడెత్తుతారో కూడా ముందే కనుక్కోవాలి.

కాళ్ళ సంగతికొస్తే నాది ఒక పక్షం, దాచుకోను. రేగడిలో ఉత్త కాళ్ళే. చెప్పులు, బూట్లు ఇసుకలోనూ రోడ్డుమీదా వేసుకోండి, రేగడి వచ్చేసరికి చేత్తో పట్టుకోండి. ముల్లు గుచ్చుకోదా అంటారు. గుచ్చుకుంటుంది, అందుకే కదా చూసి నడవమనేది. రోజంతా తడిలో నానితే వేళ్ళ సందులు ఒరిసిపోతాయి. దానికి పెద్దవాళ్ళు పొద్దున్నే ఆముదం పట్టించేవారు, రాత్రి పసుపు కలిపి రాసేవారు. ఆషాఢంలో ఆడవాళ్ళు పెట్టుకునే గోరింటాకు అందం కోసమే అనుకునేవాళ్ళు నాట్లు వేసే పాదాలను ఎప్పుడూ చూసి ఉండరు. రాత్రికి ఒక జత ఆరిన బట్ట తప్పనిసరి. ఎంత తడిసినా పగలు దాన్ని ముట్టుకోరు, తెల్లారి మళ్ళీ తడిబట్టే కట్టుకుంటారు. ఈ ఒక్క నియమం పాటించలేక వెనుదిరిగినవాళ్ళు ఎందరో. కప్పుకోవడానికి గోనెసంచి మూల లోపలికి నెట్టి చేసిన కొప్పె, లేదా గొంగళి. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు కాబట్టి గొంగళ్ళు పడమటి సీమల నుంచే వచ్చేవంటారు. ప్లాస్టిక్ రెయిన్‌కోటు వాన నుంచి కాపాడుతుంది, చెమటలో ఉడకబెడుతుంది. గొంగళి తడిసీ వెచ్చగానే ఉంటుంది. బరువంటారా, బరువే.

ఈ విద్యలో గురువులెవరంటే నేను మొదట ఏనుగుల వీరాస్వామయ్య పేరు చెబుతాను, వెంటనే ఒక సవరణ కూడా చెబుతాను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఒక వానాకాలమంతా దక్కను దాటడంలోనే గడిచింది. ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, దారి రేగడో రాళ్ళో, ఏరు ఎలా దాటాలో రాసుకుంటూ పోయాడు. ఆయన చనిపోయాక 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ వాన ప్రయాణం పన్నుకునేవాడికి ఈనాటికీ చేతిపుస్తకమే. ఇక సవరణ. ఆయన పల్లకీలో వెళ్ళాడు. రేగడిలో అడుగు వేసింది బోయీలు. భుజాన బరువుతో, వానలో, జారకుండా. వాళ్ళ పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. నా దృష్టిలో ఆ యాత్ర ఘనత సగానికి పైగా వాళ్ళదే.

రెండో ఘనకార్యం మన కొత్తపట్నానికి చుట్టం. 1930ల చివర్లో ఇక్కడ రైతు కార్యకర్తలకు రాజకీయ, ఆర్థిక పాఠశాలలు జరిగాయి. పి.సి. జోషి, అజయ్ ఘోష్ లాంటి కమ్యూనిస్టు నాయకులు వచ్చి పాఠాలు చెప్పారు, తిండిగింజలు రైతులే పోగుచేశారు. ఆ రోజుల్లోనే 2,000 మంది రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు తొమ్మిది జిల్లాల మీదుగా నడిచారు. 130 రోజులు, 1,500 మైళ్ళు. 1938 మార్చి 27న 1,100కు పైగా అర్జీలు శాసనసభకు అందించారు. లెక్క కడితే రోజుకు పదకొండు పన్నెండు మైళ్ళు. వినోబా భావే భూదాన యాత్ర నడకా అదే పాటి. ఎక్కువ దూరం పోయేవాడు ఎవడైనా చివరికి ఆ వేగానికే వస్తాడు. మొదటి రోజు ఇరవై మైళ్ళు నడిచి గొప్పలు పోయేవాడు నాలుగో రోజు బస్టాండులో కనిపిస్తాడు.

ఈ మధ్య సంగతి ఒకటి చెప్పకపోతే పక్షపాతమవుతుంది, చెబితే ఇంకో పక్షపాతమంటారు. 2021 నవంబరు 1న తుళ్ళూరు నుంచి అమరావతి రైతులు తిరుపతికి నడిచారు, 45 రోజులు. ఆ నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగేంత వానలు. వాళ్ళ రాజధాని ఉద్యమం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది. నేను చూసింది ఆ నడకలోని ఆడవాళ్ళ పాదాలు. పొలం చేసిన పాదాలు కాబట్టే అంత వానలో అంత దూరం వెళ్ళాయి.

వాళ్ళను చూశాక మిగతా పాదయాత్రలను చూస్తే ఒళ్ళు మండుతుంది. ముందు మీడియా బండి, వెనక ఏసీ బస్సు, చినుకు పడితే విరామం, మధ్యలో ఫోటో. దాన్నీ పాదయాత్ర అనే అంటున్నారు. సెలవు రోజుల నడక బృందాలు ఇంకో రకం. ఒంటిమీద వేల రూపాయల సరంజామా ఉంటుంది, వాగు అంచున పుల్ల గుచ్చడం ఒక్కరికీ రాదు. ఫోనులో మ్యాపు దారి చూపిస్తుంది గానీ తుంగ చూపించదు కదా. భక్తుల పాదయాత్రలు కూడా జాతీయ రహదారి అంచుకు ఎక్కాయి. తెల్లవారుజామున, వానలో, ఆరు వరసల రోడ్డుమీద లారీల పక్కన వంద మంది నడవడం భక్తి కాదు, ప్రాణాలతో చెలగాటం.

వాళ్ళను మాత్రం ఏమని తిడతాం? డొంకలెక్కడున్నాయి గనక? రెండు పక్కలా కంచె, మధ్యలో బండిజాడ, అంచున గరికతో ఊరికీ ఊరికీ మధ్య సాగిన డొంకలు గ్రామ పటాల్లో ఇంకా ఉన్నాయి. నేల మీద సగం మిరప మడుల్లో కలిసిపోయాయి. మిగిలినవాటిని ట్రాక్టర్ల ఇనప చక్రాలు గుంతలు చేశాయి. తీరం వెంట రొయ్యల చెరువుల కంచెలు బాటను ముక్కలు చేశాయి. మా చుట్టుపక్కల ఒక డొంకకు ప్రజల డబ్బుతో గ్రావెల్ పోశారని మురిసిపోయి చూడబోతే, అది ఒక రొయ్యల చెరువు గేటు దగ్గర ఆగిపోయింది. అడిగితే ఆఫీసులో ఒకరు అసలక్కడ డొంకే లేదన్నారు. పటం నకలు ముందు పెడితే సార్ లంచ్‌కు వెళ్ళారన్నారు.

కాబట్టి చదివేవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. మీ ఊరి పటం నకలు తీయించండి, డొంకలు ఎక్కడున్నాయో చూడండి, ఈ స్వాతి కార్తెలోపు ఒక్కదాని మీదనైనా నడిచి రండి. కొత్తపట్నం నుంచి గుండ్లకమ్మ ఒడ్డునే చందవరం దాకా ఒక వాన బాట నిలబెట్టుకోవచ్చు. సిమెంటు వద్దు, బోర్డులు వద్దు, ప్రారంభోత్సవం అసలే వద్దు. సర్కారు తుమ్మ కొట్టించాలి, రెండుచోట్ల పడవ కావాలి, మజిలీకొక బడి వరండానో, 1977 ఉప్పెన తర్వాత కట్టించిన తుఫాను షెల్టరో తాళం తీసి ఉంచితే చాలు. ఎవరు మొదలుపెట్టినా నేను వస్తాను. చెప్పులు చేత్తో పట్టుకునే షరతు మీద.