లైసెన్సు మాత్రము చాలునా?

సాఫ్టువేరు విషయమున నేఁడు విద్యావంతులలో నొక యభిప్రాయము వ్యాపించి యున్నది. ప్రోగ్రాము వ్రాసినవారి మూలపాఠమును ఎల్లరును జదువవచ్చును, మార్చుకొనవచ్చును, పంచుకొనవచ్చును అని లైసెన్సులో నుండినఁ జాలును. దానిని నడపువారు కంపెనీవారైన నేమి, ప్రజలైన నేమి యనునదియే యా యభిప్రాయము. ఇందు సత్యము సగమే యున్నదని మా తలంపు.

మొదట మా యనుభవ మొకటి విన్నవించెదము. మా పాఠశాలలోఁ జాల యేండ్లు తెలుఁగు ప్రశ్నపత్రములను ఒక వర్తకుఁ డమ్మిన ఫాంటుతో టైపు చేయుచుంటిమి. అందలి యక్షరముల సంకేతసంఖ్యలు ఆ ఫాంటునకే ప్రత్యేకములు. 1991వ సంవత్సరముననే యూనికోడులోఁ దెలుఁగు లిపికి స్థానము లభించిన సంగతి మే మెఱుఁగము. కొంతకాలమునకు వర్తకుఁడు వ్యాపారము మానెను. క్రొత్త కంప్యూటరులో నా ఫాంటు పనిచేయదయ్యెను. పదియేండ్ల పత్రములు తెరమీఁద నర్థములేని గుర్తులుగాఁ గనఁబడెను. భాష మాది, ప్రశ్నలు మావి. తాళపుఁజెవి మాత్రము పరులయింట నుండెను. స్వేచ్ఛా సాఫ్టువేరు మాట నంతవఱకు పెడచెవిని బెట్టిన మేము నాఁటినుండి శ్రద్ధతో వినసాగితిమి.

ఆంగ్లమున 'ఫ్రీ' యను నొక్క పదమే వెల లేనిదనియు స్వతంత్రమనియు రెండర్థముల నిచ్చును. 1983లో గ్నూ కార్యమును బ్రకటించిన రిచర్డు స్టాల్‌మన్ ఉద్దేశించినది రెండవ యర్థము. తెలుఁగున నీ చిక్కు లేదు. ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. ఆ పదము వ్యాపారస్థులకు రుచింపదని 1998లోఁ గొందఱు 'ఓపెన్ సోర్సు' అను పేరు పెట్టిరి. పేరుతోఁ గూడ దృష్టియు మాఱెను. మనుష్యుని స్వేచ్ఛ వెనుకఁబడి, మూలపాఠము తెఱచి యుండుటయే ముఖ్యమయ్యెను. కాని యా 'ఓపెన్ సోర్సు' నిర్వచనము ఎందుండి వచ్చినది? 1993లోఁ బుట్టిన డెబియన్ సమాజమువారు 1997లో దమ సామాజిక ప్రతిజ్ఞతో నేర్పఱచుకొన్న నియమములనుండియే. ఈ సమాజమునకు యజమాని లేఁడు. సభ్యులు ఏటేట వోటు వేసి నాయకుని నెన్నుకొందురు. లైసెన్సు మంచిదో కాదో చెప్పు కొలబద్దనే సమాజము చేసి యీయఁగా, సమాజముతోఁ బని లేదనుట న్యాయమా?

ఓపెనాఫీసు చరిత్రము చూడుఁడు. దాని మూలపాఠమును 2000లో సన్ కంపెనీవారు లోకమునకు విడిచిరి. లైసెన్సున లోపము లేదు. కాని తోడ్పడువారు తమ వ్రాఁతపైఁ గంపెనీకిఁ గూడ హక్కు వ్రాసి యీయవలసి యుండెను. 2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కంపెనీవారు కొనిరి. తమ శ్రమ యేమగునో యని శంకించిన కార్యకర్తలు ఆ యేఁటి సెప్టెంబరు 28న డాక్యుమెంట్ ఫౌండేషన్ అను సంస్థను బ్రకటించి, లిబ్రెఆఫీసను పేర పని సాగించిరి. 2011లో ఒరాకిల్‌వారు ఓపెనాఫీసును అపాచీ సంస్థ కిచ్చివేసిరి. నేఁడును రెండును లభించుచున్నవి. రెంటి లైసెన్సులును స్వేచ్ఛ నిచ్చునవే. అయినను క్రమము తప్పక క్రొత్తరూపములు వెలువడుచున్నది లిబ్రెఆఫీసు. పనివారిలోఁ బెక్కండ్రు అటు చేరుటయే కారణము. అట్లు వేఱుపడుటకు వీలిచ్చినది లైసెన్సే యని మే మంగీకరింతుము. కాని కలిసి పనిచేయ నలవడినవారు లేకున్న నా హక్కు భోషాణములోని దస్తావేజువలెఁ బడియుండెడిది.

సమాజములు మాత్రము దృఢములా యని ప్రశ్నింపవచ్చును. ఆక్షేపణ సరియైనదే. ఫైళ్లను గుదించు ఎక్స్‌జెడ్ అను చిన్న సాధనమును లోకమంతయు వాడుచుండఁగా, దాని భారము జీతములేని యొక్క మనుష్యునిపైఁ బడెను. సాయము చేయు నెపమున మాఱుపేరుతోఁ జేరిన వ్యక్తి రెండేండ్లకు మించి నమ్మకము సంపాదించి, తుద కందులో దొంగదారి నమర్చెను. లాగిన్ అగుట కర సెకను అధికముగాఁ బట్టుటను గమనించి యాండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు 2024 మార్చి 29న దీనిని బయలుపెట్టెను. మూలపాఠ మెల్లరకును దెఱచియే యుండెను, చదువువారే కొఱవడిరి. కావున నీ యుదాహరణము సమాజ మనావశ్యకమని చూపదు. వాడుకొనువారు లక్షలై, తోడుపడువారు లేకున్నఁ గలుగు నష్టమును జూపుచున్నది. ఈ సమాజములలో స్త్రీలు మిక్కిలి తక్కువగా నుండుటయుఁ గప్పిపుచ్చరాని లోపమే.

తెలుఁగువారి కీ విషయము మఱింత ముఖ్యము. లాభము లేనిచోటఁ గంపెనీ తెలుఁగును బట్టించుకొనవలె నన్న నిర్బంధము లేదు. తెనిఁగింపవచ్చు నని లైసెన్సు చెప్పును గాని తానుగాఁ దెనిఁగింపదు. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థవారును, వారితోఁ జేరిన విద్యార్థులును తెరమీఁది మాటలను దెలుఁగులోఁ బెట్టఁ బూనుకొనిరి. ఆ పనిలో నొక్కొక్క మాటకుఁ జర్చ జరుగును. 'ఫైలు' అని యుంచుటయా, 'దస్త్రము' అనుటయా? ఈ తీర్పు భాషను మాటలాడువారి చేత నుండవలెను. ఆ చర్చలోఁ గూర్చుండిన బాలుఁడు కంప్యూటరును వాడుటయే గాక దానిని దిద్దవచ్చు నని కూడ నేర్చుకొనును. మేము బడిలో నెన్ని పాఠములు చెప్పినను ఈ ధైర్యము నంత సులభముగాఁ గలిగింపఁజాలము.

కావున నొక ప్రోగ్రామును మన యిండ్లలోనికిఁ దెచ్చునపుడు లైసెన్సును దప్పక చూడవలెను. దానితో నిలువక, నిర్ణయములు చేయువా రెవ్వరు, మన మాటకుఁ జోటున్నదా, నడపు కంపెనీ మూఁతపడినఁ బని సాగించువారున్నారా యని కూడ విచారింపవలెను. వాడుకొనుటతోఁ దృప్తిపడక యొక్క తప్పునైనఁ దెలియఁజేయుఁడు, ఒక్క మాటనైనఁ దెనిఁగింపుఁడు. ఇంటి యాఁడుబిడ్డలను గూడ నీ పనిలోఁ జేర్పుఁడు. మా పాఠశాలలోఁ బోయిన పత్రములు తిరిగి రావు; ఇప్పుడు వ్రాయుచున్నవైనను మన పిల్లలకుఁ జదువ నందవలెను గదా.