సౌండ్ బాక్సులు ఎటు పెడతారండీ?

ప్రోగ్రాం ఒప్పుకునే ఫోను రెండు నిమిషాల్లో అయిపోతుంది. తేదీ, ఊరు, ముహూర్తం ఎన్నింటికి, మృదంగం ఎవరు, తాంబూలం ఎంత, కారు పంపుతారా, బస్సుకు రావాలా. ఏళ్ళ తరబడి ఇవే ప్రశ్నలు. ఈమధ్య నేను ఇంకొకటి కలిపాను. "సౌండ్ బాక్సులు ఎటు పెడతారండీ?" అవతలివాళ్ళు కాస్త ఆగుతారు. వయొలిన్ వాయించేవాడికి ఆ సంగతి ఎందుకని వాళ్ళ అనుమానం. నాకు మాత్రం తాంబూలం కన్నా ముందు తేలాల్సింది అదే.

మొగల్తూరులో ఉండి వయొలిన్ మీద బతకడమంటే పంచాంగం మీద బతకడం. మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖంలో, శ్రావణంలో ఊపిరి సలపదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే ఫోను మోగదు. నడుమ గురుమూఢమో శుక్రమూఢమో పడితే చేతికొచ్చిన సీజను కాస్తా పోతుంది. అప్పుడు ఆదుకునేవి గుళ్ళూ పందిళ్ళూ. శ్రీరామనవమికి హరికథ పక్కన కూర్చుంటాం, దసరాకు అమ్మవారి గుళ్ళో వాయిస్తాం, సంక్రాంతి రోజుల్లో భీమవరం మావుళ్ళమ్మ ఉత్సవాల వైపు చూస్తాం. భీష్మ ఏకాదశికి అంతర్వేది నుంచి పిలుపొస్తే మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కాలి. గోదావరి దాటినంతసేపూ వయొలిన్ పెట్టె ఒళ్ళోనే ఉంటుంది. రాబడి ఇంత బిగుతుగా ఉన్నప్పుడు వచ్చిన పిలుపును కాదనడం తేలిక కాదు. వదులుకున్నది ఒక్క తాంబూలంతో పోదు. పిలిచినవాళ్ళు మరొకరికి అలవాటు పడతారు.

వాయిద్యం జాగ్రత్త గురించి చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. పైపలక స్ప్రూస్, వెనక పలక మేపుల్, రెండూ చల్లటి దేశాల చెట్లు. వాటిని తెచ్చి పేరుపాలెం సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళో కాపాడుకుంటున్నాం. వానాకాలంలో బిరడాలు ఉబ్బి కదలవు. అదే వయొలిన్‌ను ఏసీ కల్యాణ మండపంలోకి తీసుకెళితే చెక్క ఎండి బిరడా జారుతుంది, కీర్తన నడుమ పంచమం దిగిపోతుంది. అందుకే ముందుగా వెళ్ళి, పెట్టె మూత తీసి ఉంచి, చెక్కను ఆ హాలు గాలికి అలవాటు పడనిస్తాను. మరీ జారే బిరడాకు కాస్త సుద్ద రాస్తే నిలబడుతుంది.

కమాను ఇంకా సున్నితం. గుర్రపు తోక వెంట్రుక తడిగాలికి సాగుతుంది, పొడిగాలికి కుంచించుకుపోతుంది. వాయించాక మర వదులు చేయకుండా పెట్టెలో పెట్టేస్తే ఏసీ గదిలో ఆ వెంట్రుక లాగే లాగుడికి కర్ర వంగుతుంది. ఎడమచేతి వేళ్ళు తీగ మీద జారడానికి మాలో చాలామంది కొబ్బరినూనె చుక్క రాసుకుంటారు. ఆ చెయ్యి కమాను వెంట్రుకకు తగిలిందా, అక్కడ ఇక రోజిన్ పట్టదు, కమాను జారిపోతుందే తప్ప నాదం పలకదు. తీగల కింద రాలిన రోజిన్ పొడిని వాయించిన వెంటనే మెత్తటి నూలుగుడ్డతో తుడవాలి, లేకపోతే వార్నిష్‌కు అంటుకుని గట్టిపడుతుంది. మా గాలికి స్టీలు తీగలు తుప్పెక్కుతాయి కాబట్టి వాటినీ తుడవాలి. ఎండాకాలం పక్క అతుకు ఊడితే కంగారు పడొద్దని నేర్చుకునే పిల్లలకు చెబుతుంటాను. వయొలిన్‌కు తోలు నుంచి తీసిన జిగురు వాడేదే అందుకు. పలక పగలకముందే అతుకు విడిపోతుంది, జిగురు వేడిచేసి మళ్ళీ అతికించుకోవచ్చు. తొందరపడి వడ్రంగి చేత ఫెవికాల్ పెట్టిస్తే తర్వాత పగిలేది పలకే.

చెక్క మీద ఇంత శ్రద్ధ పెట్టే మేము చెవి గురించి మాట్లాడుకోం. ఊడిన అతుకు వేసేవాళ్ళున్నారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు మనిషికి ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. స్పీకరు పక్కన కూర్చుని ఒక వర్ణం, ఒక కీర్తన పూర్తి చేసేసరికే ఆ సమయం అయిపోతుంది.

స్పీకరుతో నాకు పగ లేదు. మా పక్కనే ఉన్న పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కరెంటు మాండలిన్ మీదే కర్ణాటక సంగీతం నిలబెట్టారు. నాలుగు జంట తీగల బదులు అయిదు ఒంటి తీగలు కట్టుకున్నారు. ఆయన నేర్చుకున్న తీరు నాకు మరీ ఇష్టం. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేసేనాటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. వేలు ఎక్కడ పడాలో చేత్తో చూపించేవాళ్ళు లేనప్పుడు దారి చూపింది చెవి. వయొలిన్‌కు అసలు మెట్లే లేవు. తోడిలో గాంధారం ఎంత ఊగాలో, శంకరాభరణంలో ఎక్కడ నిలవాలో మాకు చెప్పేది చెవి ఒక్కటే.

ఒక పెళ్ళి రిసెప్షన్లో బాక్సు నా ఎడమ చెవికి మూరెడు దూరంలో పెట్టారు. మర్నాటి నుంచి చెవిలో గుయ్‌మని హోరు. కొన్నాళ్ళకు హోరు తగ్గింది గానీ చెవి మునుపటిలా లేదు. రొయ్యల చెరువుల ఏరేటర్లు రాత్రంతా తిరిగినా నిద్ర పడుతుంది. స్టీలు గ్లాసు కింద పడితే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది, కుక్కరు విజిల్‌కు వంటింట్లోంచి బయటికి వచ్చేస్తాను. హైపర్‌అక్యూసిస్ అన్నారు చెవి డాక్టరు. ఇలాంటప్పుడు రోజంతా చెవుల్లో దూది పెట్టుకుని ఉండాలనిపిస్తుంది. అది వద్దన్నారు. మామూలు చప్పుళ్ళకు కూడా చెవి మూసుకుంటూ పోతే నిశ్శబ్దానికి అలవాటుపడి అది ఇంకా సున్నితమవుతుందట. ఇంట్లో చప్పుళ్ళు చెవిన పడనివ్వాలి, హోరు ఉన్నచోట మాత్రం కాపాడుకోవాలి.

చెక్ స్వరకర్త స్మెతనా చెవిటితనం వచ్చాక 1876లో రాసిన తంత్రీవాద్య క్వార్టెట్ చివరి భాగంలో, హుషారుగా సాగుతున్న సంగీతం ఆగిపోయి మొదటి వయొలిన్ పై స్థాయిలో ఒకే స్వరం పట్టుకుంటుంది. ఆయన చెవిలో మోగిన హోరే అది. ఇప్పుడది వింటుంటే నాకు వివరణ అక్కర్లేదు.

చెవిలో పెట్టుకోవడానికి మందుల షాపులో దొరికే ఫోమ్ ముక్కలు పై స్వరాలను ఎక్కువగా తగ్గిస్తాయి. తీగ మొద్దుగా వినిపించి, తెలియకుండానే కమాను ఎక్కువ నొక్కుతాం. సంగీతకారుల కోసం ఫిల్టరు పెట్టి చేసినవి వేరే ఉన్నాయి, అవి అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. ఇప్పుడు నా పెట్టెలో రోజిన్ పక్కన అవీ ఉంటాయి. వాటితో శ్రుతి చూసుకోవడం అలవాటు కావడానికి ఇంట్లో సాధన కావాలి, వేదిక మీద మొదలుపెడితే కుదరదు.

2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వద్దంటాయి. అయితే తలుపులు మూసిన కమ్యూనిటీ హాళ్ళకు, విందు హాళ్ళకు మినహాయింపు ఉంది. వీధిలో నిద్రపోయేవాళ్ళకు ఆ మాత్రం రక్షణ ఉంది. హాల్లో కూర్చుని వాయించేవాళ్ళకు అడిగి తెచ్చుకున్నదే రక్షణ.

అడిగితే ఇస్తారు కూడా. మొన్న పాలకొల్లు దగ్గర మైకుసెట్టు అబ్బాయితో అన్నాను.

"బాబూ, ఆ బాక్సు మా ముందుకు జరిపి జనం వైపు తిప్పు."

"ఆయ్, తిప్పుతానండి మాస్టారూ. మరి మీకు వినపడదు కదండీ?"

"చిన్న మానిటరు ఒకటి పెట్టు. అందులో శ్రుతీ మృదంగమూ వస్తే చాలు. బాక్సు మైకు ముందుకు పోతే నీకూ కూత రాదు కదా."

ఆ చివరి మాటకు అతను నవ్వి తీగలు చుట్టుకుంటూ వెళ్ళాడు. మైకు కూతతో తిట్లు తినేది అతనే మరి. ఆ సాయంత్రం మృదంగం వాయించిన కుర్రాడు దిగుతూ, తనూ ఇక నుంచి అడుగుతానన్నాడు. హరికథ దాసు గార్లు, సన్నాయి డోలు వాళ్ళు కూడా అడిగితే పిలిచేవాళ్ళకు ఇది ఒక్కడి చాదస్తంలా కనిపించదు.

ఈ వైశాఖానికి ఒప్పుకున్నవాటిలో ఒకటి ఇంకా తేలలేదు. పెళ్ళివారు డీజేను కూడా మాట్లాడుకున్నారు, రెండూ ఒకే వేదిక మీద. డీజే కన్నా గంట ముందు మా కచేరీ ముగిసేలా చూడమని, అంతకుముందు వాళ్ళ బాక్సులు పరీక్షించవద్దని అడిగాను. పెద్దాయన ఇంట్లో అడిగి ఆదివారం చెబుతానన్నారు. కుదరదంటే తాంబూలం వదులుకుంటాను, ఆ సంగతి ముందే చెప్పాను.