థోరో ‘కేప్ కాడ్’: విహారదృష్టియు కరుణమును

అష్టాదశవర్ణనములలో సముద్రవర్ణన మొకటి యగుటచే, కడలిని కన్నులార చూడని కవియు దానిని సంప్రదాయోపమానములతో నిర్వహింపగలడు. అమెరికా వచనరచయిత హెన్రీ డేవిడ్ థోరో (1817–1862) రచించిన ‘కేప్ కాడ్’ కాలినడకచే సిద్ధించిన గ్రంథము. మసాచుసెట్స్ రాష్ట్రమునుండి అట్లాంటిక్ సముద్రములోనికి చొచ్చిన యీ యిసుకనేలను గ్రంథకర్త వంచిన బాహువుతో పోల్చెను. 1849, 1850, 1855 సంవత్సరముల యాత్రలు దీనికి మూలము. ఆయన మరణానంతరము 1865లో నిది ప్రకటితమయ్యెను.

విహారమునకై బయలుదేరినవానికి మొదట నెదురైనది మరణము. 1849 అక్టోబరులో ఐర్లండునందలి గాల్వేనుండి వలసజనులతో వచ్చిన ‘సెయింట్ జాన్’ నౌక, కేప్ కాడ్‌కు పోవు త్రోవలోని కొహాసెట్‌కడ శిలలపై బడి భగ్నమయ్యెను. రెండు దినములకు థోరో యచ్చట నిలిచెను. ఒకవంక శవపేటికలు, ఆప్తులను వెదకువారు. వేరొకవంక తుపాను ఒడ్డునకు ద్రోసిన నాచును ఎరువునకై బండ్ల కెత్తువారు. ఈ రెంటిని ప్రక్కప్రక్కనుంచి, అతిశయోక్తి నంటక వర్ణించుట యాతని ప్రతిభ.

కాని పిదప నాతడు, పెక్కుశవముల కంటె నేకాంతమున కనబడిన యొక్క శవమే హృదయమును కదల్చుననియు, తన సానుభూతి గాలికిని తరంగములకును చెందుననియు పలికి, మృతులు మేలైన తీరమును చేరిరని యూరడించును. ప్రకృతితత్త్వజ్ఞునకు తగిన నిర్లిప్తత యని దీనిని సమర్థింపవచ్చును. అయినను క్షామపీడితదేశమును విడిచి బ్రదుకు వెదకికొన వచ్చిన నిరుపేదల మరణమునకు, ఏమియు కోల్పోని బాటసారి చెప్పిన వేదాంతము చాలదు. కరుణము పండవలసిన తావున నిది రసభంగమే.

ఈ లోపమును ‘దయాగృహ’ ఘట్టము కొంత పూరించుచున్నది. నౌకాభంగమున బ్రదికి యొడ్డుచేరిన నావికులకై కట్టిన గుడిసె యది. తలుపు తెరవరాదు. కొయ్యలోని కన్నముగుండ చూడగా చీకటి, కొన్ని రాళ్లు, ఉన్నితునుకలు, నిప్పులేని పొయ్యి! పేరునకు మాత్రము మిగిలిన దయను కోపములేక, హాస్యముచేతనే యిట దూషించెను. తొలిప్రకరణమున నావిరియైన కరుణ మిచట వ్యంగ్యమై నిలిచినది.

ఈ తీరమొకనాడు విహారస్థల మగునని గ్రంథాంతమున థోరో యూహించెను. 1961లో నది జాతీయసముద్రతీరముగ రక్షింపబడి, నేడు వేడుకకై వచ్చువారికి నెలవైనది. సౌందర్యమునకై వచ్చిన చూపరికి, ఆ యిసుకయే యెందరికో తుదిపాన్పని జ్ఞప్తిచేయుటయే యీ గ్రంథమునకు గల యుత్తమప్రయోజనము.